యంత్రానికి హారతి

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివాను. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇకముందు చదవబోయేదాంట్లో అది మీకు ఎక్కడా కనిపించదు.

శామీర్‌పేట దగ్గర ఒక ప్రైవేటు ల్యాబులో గాలిని వాసన చూడడం నా ఉద్యోగం. నిజానికి చూసేది నేను కాదు, యంత్రం. మందుల ఫ్యాక్టరీల గొట్టాల్లోంచి వచ్చే గాలిని సంచుల్లో పట్టి తెస్తారు. ఆ గాలిని యంత్రంలోకి ఎక్కిస్తే, అందులో ఏమేం ఆవిర్లున్నాయో కాగితం మీద కొండలు కొండలుగా గీసి చూపిస్తుంది. ఏ కొండ ఏ ఆవిరిదో నేను చెప్పాలి. నాగారంలో మా కాలనీవాళ్ళు నన్ను వెనకాల ‘ముక్కు జోగారావు’ అంటారట. తెలిశాక నాకు చచ్చే కోపం వచ్చింది. నా కోపం అలాగే వస్తుంది. వచ్చి, ఎవరిమీద పడాలో తెలియక కాసేపు కుర్చీలో కూర్చుని, కాఫీ తాగి వెళ్ళిపోతుంది.

మా ఆవిడ బాలాత్రిపురసుందరికి ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు వచ్చింది. ఎందుకొచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. ఆవిడ జన్మలో సిగరెట్టు పొగ పీల్చలేదు, పెళ్ళయిన కొత్తలో నా దగ్గర పీల్చిన నాలుగు దమ్ముల పొగ తప్ప. ఆ పొగ తాగిన నేను దున్నపోతులా ఉన్నాను. ఆవిడ మాత్రం వంటింట్లోంచి హాల్లోకి రావడానికి గోడ పట్టుకుని, మధ్యలో ఆగి, మంచం పక్కన సిలిండర్ పెట్టుకుని బతుకుతోంది. దేవుడికి లెక్కలు రావని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అయినా ఆయనతో పేచీ పెట్టుకునే ధైర్యం లేక, దండాలు ఇంకాస్త పెంచాను.

మేడ్చల్ రోడ్డు మీద ఒక పెద్దాసుపత్రిలో హేమచంద్ అనే డాక్టరు ఉన్నాడు. ఊపిరితిత్తుల మార్పిడి ఒక్కటే దారి అన్నాడు. మెదడు చచ్చిపోయి, మిషను మీద ఊపిరి ఆడుతున్న మనిషి ఎవరైనా దొరకాలి. వాళ్ళవాళ్ళు ఇవ్వడానికి ఒప్పుకోవాలి. రక్తం గ్రూపు, ఛాతీ కొలత కుదరాలి. ఇన్నీ అయ్యాక ఆ ఊపిరితిత్తులు బాగుండాలి.

ఆ ‘బాగుండాలి’ దగ్గరే నేను ఈ కథలోకి దూరాను. ఎక్స్‌రే ఉంది, రక్తంలో ఆక్సిజన్ లెక్క ఉంది, గొట్టంతో లోపలికి చూడడం ఉంది. కానీ లోపల ఎక్కడో మూలన చీము మొదలైతే ఇవి ఒక్కోసారి పసిగట్టలేవని హేమచంద్ బాధ. చెడిపోవడం మొదలెట్టిన ఊపిరితిత్తి వదిలే గాలిలో ఏవో ఆవిర్లు కలుస్తాయని, అవి మనిషి ముక్కుకి అందవని, యంత్రానికి అందుతాయని ఆయన ఎక్కడో చదివాడు. మా ల్యాబువాళ్ళని అడిగి ఒక యంత్రాన్ని తన ఆసుపత్రిలో పెట్టించుకున్నాడు. దాన్ని నడపడానికి నన్నూ, మా ల్యాబులోనే పనిచేసే సాయిప్రియ అనే అమ్మాయినీ పంపారు. ఇంకా ప్రయోగమే అది. దాని మాట ఒక్కటే పట్టుకుని ఎవరూ ఏమీ చెయ్యరు. డాక్టరు మిగతావాటితో కలిపి చూసుకుంటాడు.

యంత్రం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడడానికి మొట్టమొదట నా ఊపిరే ఊదాను. పొద్దున తిన్న పెసరట్టులోని ఉల్లిపాయ, అల్లం, వాటి వెనకాల, మానేశానని ఇంట్లో చెప్పిన సిగరెట్టు, అన్నీ వరసగా కొండలై లేచాయి. సాయిప్రియ లేచి కిటికీ తలుపు తీసింది.

మా ఆవిడ పేరు ఆసుపత్రి వరసలో చేరాక డాక్టరు నాకు ఒక ఆంక్ష పెట్టాడు. ఆవిడకి పనికొచ్చేవేవైనా వస్తే పరీక్ష సాయిప్రియ చెయ్యాలి, నేను చెయ్యకూడదు. “మీ మీద నమ్మకం లేక కాదు జోగారావు గారూ, మీరు మొగుడు కాబట్టి” అన్నాడు. నాకు కోపం వచ్చింది. కాఫీ తాగాను.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధపూజ రోజున మన ఊళ్ళో బస్సుకీ, ఆటోకీ, లేత్ మిషనుకీ, చివరికి పిండిమరకీ బొట్టు పెడతారు. మా ల్యాబులోనూ యేటా పెడతాం. కానీ ఆ యేడాది నాకు భక్తి పొంగింది. ఈ యంత్రం మామూలుది కాదు కదా, నా పెళ్ళాం ఊపిరి దీని నోట్లో ఉంది కదా అనుకున్నాను. సాయిప్రియ పండక్కి కరీంనగర్ వెళ్ళిపోయింది. గదిలో నేనొక్కణ్ణే. పసుపు రాశాను, కుంకం పెట్టాను. నిమ్మకాయ చక్రం కింద పెట్టాలి, దీనికి చక్రాల్లేవు, అందుకని కంప్యూటరు మౌసు పక్కన పెట్టాను. సాంబ్రాణి వేశాను. ఆ తరవాత పళ్ళెంలో కర్పూరం బిళ్ళలు ఒకటి, రెండు కాదు, డబ్బా డబ్బా ఒంపేసి, ఏసీ ఆపి, తలుపులు మూసి, హారతి ఇచ్చాను. గాలి లోపలికి పీల్చుకునే గొట్టం ఉంటుంది, దాని మూతి దగ్గర మూడుసార్లు ప్రత్యేకంగా తిప్పాను, అమ్మవారి ముఖం దగ్గర తిప్పినట్టు.

కర్పూరం ఆవిరి గొట్టాలకి పట్టుకుంటే ఒక పట్టాన వదలదని ఏ డిగ్రీ కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు. నన్ను మాత్రం అడిగేవాడు లేకపోయాడు.

మర్నాడు విజయదశమి. పొద్దున్నే హేమచంద్ ఫోను.

“సుందరి గారిని తీసుకుని వెంటనే బయల్దేరండి. ఒక కుర్రాడు ఉన్నాడు. గ్రూపు కుదిరింది, సన్నటి మనిషి కాబట్టి కొలతా కుదిరింది. తల్లిదండ్రులు ఒప్పుకున్నారు.”

“సాయిప్రియ ఊళ్ళో లేదు సార్” అన్నాను.

“తెలుసు. పండగ బస్సుల్లో ఇప్పట్లో రాలేదు. మీరే చెయ్యండి. గ్రాఫు నేనూ మీ పక్కన నిలబడి చూస్తాను.”

మా ఆవిడ జడ విప్పి రెండు జడలు అల్లుకుంది, ఆపరేషన్ మనిషికి అలాగే వెయ్యాలని ఎవరో చెప్పారట. గాజులు తీసి నా చేతిలో పెట్టింది. కారులో ఒక్క మాటా మాట్లాడలేదు, మాటకి ఊపిరి ఖర్చు. నేను మాత్రం నాగారం నుంచి మేడ్చల్ దాకా వాగుతూనే ఉన్నాను. రోడ్డు గురించి, గుంతల గురించి, షేర్ ఆటోల గురించి. నోరు మూస్తే ఏడుస్తానని భయం.

కుర్రాడి పేరు గిడియోన్. మేడ్చల్లో షేర్ ఆటో నడిపేవాడు. మొన్న లారీ తగిలి పడిపోయాడు. ఐసీయూలో మిషను మీద ఛాతీ లేస్తోంది, పడుతోంది, నిద్రపోతున్నట్టే ఉన్నాడు. అతను వదిలే గాలి బయటికొచ్చే గొట్టానికి సంచీ తగిలించి పట్టాను. అది వెచ్చగా ఉబ్బింది. ఆ సంచీని రెండు చేతులతో పట్టుకుని వరండాలో నడుస్తుంటే, బల్లమీద ఒక మగమనిషీ, ఒక ఆడమనిషీ కూర్చుని ఉన్నారు. ఎవరో అడగనక్కర్లేదు. తల వంచుకుని దాటిపోయాను.

యంత్రంలో గాలి ఎక్కించాను. కాగితం కదిలింది. మామూలు చిన్న చిన్న గుట్టలు వచ్చాయి, వాటికేం భయం లేదు. ఆ తరవాత కాగితం పైఅంచు దాకా ఒక కొండ లేచింది.

“ఏంటిది?” అన్నాడు డాక్టరు. ఆయన మొహం మారిపోయింది. “ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. ఆక్సిజన్ బాగుంది. మరి ఇదేంటి జోగారావు గారూ?”

నాకు ఆ కొండ ఎవరో తెలుసు. నిన్నటినుంచీ తెలుసు. చదువుకున్నవాడిలా ఏదైనా పెద్దపేరు చెప్పి తప్పించుకుందామా అని ఒక్క క్షణం చూశాను. ఏం పేరూ గుర్తు రాలేదు.

“కర్పూరం సార్.”

“ఏంటీ?”

“హారతి కర్పూరం. నిన్న ఆయుధపూజ కదా సార్. కాస్త ఎక్కువైంది.”

డాక్టరు మౌసు పక్కనున్న నిమ్మకాయ కేసి చూశాడు. నా కేసి చూశాడు. తిడతాడనుకున్నాను, నవ్వేశాడు. పాపం, ఆయనకీ ఈ ఊపిరితిత్తులు బాగుండాలనే ఉంది.

“అయితే కర్పూరాన్ని పక్కన పెట్టేస్తే మిగతాదంతా శుభ్రమేగా? ఇంకేం, సుందరి గారిని థియేటర్‌కి పంపమంటాను” అని తలుపు దాకా వెళ్ళాడు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. నేను తొక్కిన అడుసుని ఇంకొకరు కడిగేశారు. అవమానం కూడా తేలిగ్గానే పోయింది. ‘మంచిది సార్’ అని ఒక్క మాట అంటే చాలు, నా భార్య రేపో ఎల్లుండో హాల్లోకి గోడ పట్టుకోకుండా నడుస్తుంది. ఆ మాట నా నాలిక మీదే ఉంది.

కానీ పాడు కళ్ళు. ఇన్నేళ్ళు కొండలు చూసి చూసి చెడిపోయిన కళ్ళు. కర్పూరం కొండకి ఎడమ పక్క వాలులో, ఎక్కే చోట, చిన్న ఉబ్బు ఉంది. దోశ అంచున పొంగినంత. కొండ కొంచెం వంకరగా లేచిందేమో, అంతేనేమో. లేదా ఆ కొండ చాటున ఇంకోటేదైనా నక్కి ఉందేమో. చీము గాలి వచ్చేది సరిగ్గా ఆ చోటే.

ఏమీ లేదు, ఏమీ లేదు అని నాకు నేను చెప్పుకున్నాను. ఉంటే ఎక్స్‌రేలో కనపడదా అన్నాను. నువ్వు పిరికివాడివి జోగారావూ, మంచి జరుగుతుంటే చూడలేవు అని తిట్టుకున్నాను. ఇంకోపక్క, ఆ చెడిపోయినదాన్ని మా ఆవిడ ఛాతీలో పెట్టి కుట్టేస్తే ఏమవుతుందో కూడా కనిపించింది. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. అప్పుడు అదీ ఉండదు.

“సార్, మళ్ళీ చేద్దాం” అన్నాను. నా గొంతు నాకే చిరాకు తెప్పించింది, కప్ప గొంతులా.

గొట్టాలన్నీ పీకి పారేసి కొత్తవి వేశాను. యంత్రాన్ని బాగా వేడెక్కించి, లోపల పట్టుకున్న కర్పూరం ఆవిరైపోయేదాకా శుభ్రమైన గాలి తోలాను. అదంతా అయ్యేదాకా చెయ్యడానికేమీ లేదు. దణ్ణం పెట్టుకుందామంటే ఏ మొహంతో పెట్టను? ఆ దేవుడి సామానే కదా నేను గొట్టాల్లోంచి ఊడుస్తున్నది. మళ్ళీ ఐసీయూకి వెళ్ళి, కొత్త సంచీలో ఆ అబ్బాయి ఊపిరి పట్టుకొచ్చాను.

ఈసారి కర్పూరం లేదు. కొండ ఉన్నచోట నేల చదునుగా ఉంది. ఆ చదును మధ్యలో, చాటు తీసేస్తే బయటపడ్డ దొంగలా, ఆ ఉబ్బు ఒక్కటే నిలబడి ఉంది.

డాక్టరు వెంటనే వెళ్ళి, మళ్ళీ గొట్టం వేసి బాగా లోపలికి చూశాడు. ఎడమ ఊపిరితిత్తి అడుగున, ఎక్స్‌రేకి అందని మూల, చీము మొదలైంది. ప్రమాదంలో స్పృహ తప్పినప్పుడు కడుపులోది ఊపిరితిత్తిలోకి పోయి ఉంటుంది. కుర్రాడి తప్పేం లేదు. మొన్నటిదాకా అవి బంగారంలాంటి ఊపిరితిత్తులే.

“వద్దు” అన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాటే. నా భుజం మీద చెయ్యి వేశాడు. నాకు ఆ చెయ్యి విదిలించి కొట్టాలనిపించింది. ఆ యంత్రాన్ని, ఆ నిమ్మకాయని, నన్ను, అందర్నీ కొట్టాలనిపించింది. ఆ కర్పూరం కాస్త ఉండిపోతే, నేను పిల్లిలా మళ్ళీ చేద్దాం అనకపోతే, ఈపాటికి ఆవిడ లోపల ఉండేది. ఉండి చచ్చిపోయేదని తెలిసీ అలా అనుకున్నాను. నేనంత గొప్ప శాస్త్రవేత్తని.

మా ఆవిడ ఆకుపచ్చ గౌనులో, రెండు జడలతో, స్కూలుపిల్లలా స్ట్రెచర్ మీద పడుకుని ఉంది. దారిలో కూడబెట్టుకున్న మాటలన్నీ మర్చిపోయాను.

“బాలేవా?” అంది, నా మొహం చూసి.

తలూపాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. తరవాత కళ్ళు తెరిచి, ఊపిరి పోగుచేసుకుని, ఆగి ఆగి అడిగింది.

“వాళ్ళ అమ్మానాన్నకి... చెప్పారా?”

“ఇంకా లేదు.”

“చెప్పకండి. కన్నవాళ్ళు... ఇచ్చినదాన్ని... మనం వద్దన్నామని... ఎందుకండీ.”

మా పెళ్ళయినప్పటినుంచీ ఆవిడ చెప్పిన పని నేను సరిగ్గా చేసింది లేదు. కూరలు తెమ్మంటే ముదురు బెండకాయలు తెస్తాను. ఈ ఒక్కటైనా సరిగ్గా చేద్దామని వరండాలోకి వెళ్ళాను.

వాళ్ళు అదే బల్ల మీద ఉన్నారు. తండ్రి పేరు దానియేలు, దుండిగల్ దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో వాచ్‌మన్. తల్లి ఎలీషమ్మ. నన్ను చూసి ఆవిడే లేచింది. సంచీ పట్టుకుని తిరిగినవాణ్ణి నేనే అని గుర్తుపట్టింది.

“సారూ, మా పోరని ఊపిరి జూసిన్రు గదా, ఎట్లున్నది? మంచిగుంటది సారూ. చర్చి బ్యాండుల బాకా ఊదుతుండె. వాడు ఊదితే కండ్లకోయ దాంక ఇనొస్తదని అందరు నవ్వుతుండిరి. గంత ఊపిరి వానికి.”

దానియేలు తల ఎత్తి నా కేసే చూస్తున్నాడు.

“చాలా బాగుందమ్మా” అన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఇచ్చిన మొదటి దొంగ రిపోర్టు అది.

“ఎవలకు పెడ్తున్నరు సారూ?”

అబద్ధం ఒకటి చెప్పేవాడు రెండోది కూడా వండుకుని రావాలి. నేను వండుకోలేదు. “మా ఆవిడకేనమ్మా” అని నోట్లోంచి వచ్చేసింది.

ఎలీషమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. “అయితే వాడు మీ ఇంట్ల ఊదుతడు సారూ” అని అప్పటిదాకా ఆపుకున్న ఏడుపంతా నా చేతుల మీద ఏడ్చింది. నా జేబులో మా ఆవిడ గాజులు గలగలమన్నాయి. నేనూ ఏడ్చాను, ఎవరికోసమో తెలియకుండా.

ఆ కుర్రాడి మూత్రపిండాలూ, కళ్ళూ వేరేవాళ్ళకి పనికొచ్చాయి. ఊపిరితిత్తులు అతనితోనే మట్టిలోకి వెళ్ళిపోయాయి.

మా ఆవిడకి మరుసటి వేసవిలో మరెవరివో దొరికాయి. ఎవరివో మాకు చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ రోజు పరీక్ష సాయిప్రియ చేసింది. నన్ను యంత్రం గది గుమ్మం దాకా కూడా రానివ్వలేదు. అగ్గిపెట్టె ఉందేమోనని జేబులు కూడా తడిమిందా పిల్ల. సుందరి బతికింది. ఇప్పుడు మెట్లెక్కుతుంది, నన్ను తిడుతుంది.

ఆపరేషనైన ఆ యేడాదే డిసెంబరులో, క్రిస్మస్ వెళ్ళిన మర్నాడు మా గేటు చప్పుడైంది. దానియేలు, ఎలీషమ్మ. ఆసుపత్రిలో నా పేరూ ఊరూ అడిగారట, ఆపైన నాగారం ముక్కు జోగారావంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారు కదా. ఎలీషమ్మ చేతిలో కేకు డబ్బా ఉంది. వంటింట్లోకి పరిగెత్తి విషయం చెబితే, మా ఆవిడ నన్ను పాత చీపురుని చూసినట్టు చూసి, చెంగుతో చేతులు తుడుచుకుని హాల్లోకి వెళ్ళింది.

ఎలీషమ్మ ఆవిడ ఎదురుగా కూర్చుంది. కేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. ఆఖరికి, “అమ్మా, జర ఒక్కపాలి పెద్దగ ఊపిరి దీస్కుంటవా?” అంది.

మా ఆవిడ తీసుకుంది. నిండుగా, భుజాలు లేచేలా తీసుకుని, మెల్లగా వదిలింది. ఎలీషమ్మ కళ్ళు మూసుకుని వింది. “ఇంకోపాలి” అంది. మా ఆవిడ ఇంకోసారి తీసుకుంది.

నాకు అక్కడ నిలబడడం చేతకాలేదు. గేటు దగ్గరికి వచ్చేశాను. వెనకాలే దానియేలు వచ్చాడు. ఇక చెప్పెయ్యాలి, ఈ దొంగతనం నావల్ల కాదు అనుకుని, “దానియేలూ, నీకొక సంగతి...” అని మొదలెట్టాను.

“ఎరుకే సార్” అన్నాడు. “గా దినం మీరు మా కాడికి రాకముందే డాక్టర్ సారు నన్ను పక్కకు పిల్సి జెప్పిండు. ఊపిరితిత్తులు పన్కిరావన్నడు. మా ఆమెకు ఎట్ల జెప్పాల్నో సమజ్ గాక కూసున్న. గంతల్నే మీరొచ్చి మంచిగున్నయన్నరు.”

గాలిలో దాక్కున్న ఆవిరిని పట్టుకునే నేను, ఆ మనిషి మొహంలో ఉన్నదాన్ని ఏడాదిపైగా పట్టుకోలేకపోయాను.

లోపలినుంచి ఎలీషమ్మ నవ్వు వినిపించింది. మా ఆవిడ ఏదో చెబుతోంది, అదీ నా గురించే అయి ఉంటుంది. దానియేలు అటు చూసి, గొంతు తగ్గించి అన్నాడు.

“ఆమెకు జెప్పకుండ్రి సార్. వచ్చేయేడు గూడ తోల్కొస్త. ఏమనుకోకుండ్రి.”

“తీసుకురా” అన్నాను.